అరువు తెచ్చుకున్న పిక్కబలం

ఆపరేషన్ థియేటర్ నుంచి అమ్మను గదికి తెచ్చిన కాసేపటికి, మంచం కాళ్ళవైపు కమ్మీకి నర్సు ఒక చిన్న పెట్టె తగిలించింది. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. దాన్నుంచి రెండు గొట్టాలు, వాటి కొసన పిక్కలకు చుట్టే రెండు పట్టీలు. స్విచ్చి వేయగానే బుస్సుమని గాలి నిండి పట్టీ బిగుసుకుంది. పది పన్నెండు సెకన్లు అలా పట్టి ఉంచి వదిలేసింది. నిమిషం గడిచేసరికి మళ్ళీ బుస్సుమంది. అర్ధరాత్రి వెన్నుకిచ్చిన మత్తు దిగి కాళ్ళకు స్పర్శ తెలిశాక, కళ్ళు మూసుకునే "ఎవరే అది, కాళ్ళు పిసుకుతున్నదీ?" అంది అమ్మ.

మర్నాడు పొద్దున ఫిజియోథెరపిస్టు వచ్చాడు. వాకర్ పట్టించి నిలబెట్టడానికి పట్టీలు విప్పాడు. నాలుగడుగులు వేయించి, పడుకోబెట్టి వెళ్ళాడు. పట్టీలు మళ్ళీ ఎవరూ కట్టలేదు. కట్టలేదన్న సంగతి సాయంత్రం దాకా నాకూ తట్టలేదు. పెట్టె కమ్మీకి వేలాడుతూనే ఉంది కాబట్టి అది తన పని చేసుకుపోతోందనే అనుకున్నాను. రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్పించుకున్న మనిషి పిక్కలు ఆ రోజు తొమ్మిది గంటలు ఉత్తినే ఉన్నాయి. ఆ తొమ్మిది గంటలే నన్ను ఈ చదువులోకి దించాయి. కాలిని బయటినుంచి నొక్కితే సిరల్లో రక్తం నిజంగా కదులుతుందా? కదిలితే గడ్డలు ఆగుతాయా? గడ్డలు ఆగితే ప్రాణాలు నిలుస్తాయా? ఈ మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. ఒకటి కాదు.

మన భాషలో పిక్కబలం అంటే పరుగెత్తే సత్తువ. శరీరధర్మశాస్త్రం చదివినవాళ్ళు ఆ మాటకు ఇంకో అర్థం చెబుతారు. గుండె రక్తాన్ని పాదాల దాకా తోసేస్తుంది గానీ, అక్కణ్ణుంచి తిరిగి పైకెక్కించే పనిలో పెద్ద వాటా పిక్క కండరాలది. కదలకుండా నిలబడ్డ మనిషికి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి పాదరసపు కొలతలో సుమారు 90 మిల్లీమీటర్లు. నడక మొదలుపెట్టిన కొన్ని అడుగులకే అది 30కి దిగువకు జారుతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది. సిరల్లోని కవాటాలు రక్తాన్ని పైకి పోనిస్తాయి, కిందికి జారనివ్వవు.

ఆ కవాటాలే రోగి మంచాన పడితే చిక్కు తెచ్చిపెడతాయి. ప్రతి కవాటానికీ రెండు పల్చటి రెక్కలుంటాయి, రెక్కల వెనక చొక్కాజేబు లాంటి చిన్న ఖాళీ. నడిచేటప్పుడు ఆ జేబుల్లో రక్తం సుడి తిరిగి బయటికి కొట్టుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే అక్కడే ఆగిపోతుంది. 1960లో మెక్‌లాక్లిన్ బృందం పడుకోబెట్టిన పెద్దవయసు వాళ్ళ కాలిసిరల్లోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి కాచుకుని కూర్చుంది. కవాటాల జేబుల్లోంచి ఆ మందు పోవడానికి సగటున 27 నిమిషాలు పట్టింది. అంతసేపు కదలని రక్తంలో ప్రాణవాయువు అడుగంటుతుంది, జేబు లోపొర కణాలు దెబ్బతింటాయి, గడ్డకు మొదటి పోగు అక్కడే పడుతుంది. నొక్కే పరికరాల గురించి ఏం చదివినా ఈ జేబుల్ని మనసులో ఉంచుకోవాలి. వాటిని కడిగేయడమే అసలు పని.

రక్తం నిలవ ఉండటం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద చెప్పుకునే ఈ మూడు కారణాలూ కీలు మార్పిడిలో ఒకే పూట కలిసివస్తాయి. తుంటి మార్పిడిలో తొడ ఎముక తలను గిన్నెలోంచి తప్పించి కాలును మెలితిప్పాలి. ఆ భంగిమలో తొడలోని పెద్దసిర కూడా మెలిపడుతుందని స్టామటాకిస్, కక్కర్‌ల బృందం 1977లో చూపించింది. మోకాలికైతే చాలామంది సర్జన్లు తొడకు టోర్నికే బిగించి, 250 నుంచి 300 మి.మీ. ఒత్తిడితో రక్తాన్ని పూర్తిగా ఆపేసి పని చేస్తారు. ఎముకను కోసినప్పుడు గాయం నుంచి వెలువడే పదార్థాలు రక్తాన్ని చిక్కబడే దారి పట్టిస్తాయి. ఆపరేషనయ్యాక అంతా సర్దుకుంటుందా అంటే అదీ లేదు. తుంటి మార్చిన కాలిలో సిరల ప్రవాహం వారాల తరబడి తగ్గే ఉంటుందని మెక్‌నాలీ, మోలన్ 1993లో కొలిచి చెప్పారు.

తుంటి మార్పిడికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఇంగ్లాండులోని రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. 1960ల మొదట్లో ఆయన పెట్టిన కృత్రిమ తుంటి లక్షల మందిని నడిపించింది. ఆయన, సహచరులు 1977లో తమ దగ్గర జరిగిన దాదాపు 8 వేల తుంటి ఆపరేషన్ల లెక్క తీస్తే, నూటికొకరు చొప్పున, కాలిసిరలో గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డుపడి పోయారని తేలింది. కొత్త కీలు భేషుగ్గా కుదిరింది, మనిషి దక్కలేదు. ఏ నివారణా లేని రోజుల్లో సిరల ఎక్స్‌రే తీసి వెతికితే తుంటి, మోకాలి రోగుల్లో నూటికి 40 నుంచి 60 మందికి కాలిలో ఎక్కడో ఒక గడ్డ దొరికేది. వాటిలో చాలా మటుకు రోగికి తెలియకుండానే కరిగిపోయేవి. అందుకే ఈ రంగంలో దశాబ్దాలుగా ఒక వాదం నడుస్తోంది: ఎక్స్‌రేలో దొరికిన గడ్డను లెక్కపెట్టాలా, కాలు వాచి ఆయాసంతో తిరిగొచ్చిన రోగిని లెక్కపెట్టాలా? చదివే ప్రతి అధ్యయనంలోనూ వాళ్ళు దేన్ని లెక్కపెట్టారో ముందు చూసుకోవాలి. మొదట్లో నేను అది చూడక, 40 శాతం అన్న కాగితాన్నీ 2 శాతం అన్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలా తికమకపడ్డాను.

బయటినుంచి నొక్కే సాధనాల్లో పాతది, చవకైనది మేజోడు. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టాలి. 1975లో సీగెల్ బృందం కొలిచి ఇచ్చిన అంకెలే ఇప్పటికీ ప్రమాణం: చీలమండ దగ్గర 18 మి.మీ., తొడ పైభాగానికి వచ్చేసరికి 8. అలా పడితే సిర కాస్త సన్నబడుతుంది, అదే రక్తం ఇరుకు దారిలో వేగంగా పోతుంది. సూత్రం చక్కగానే ఉంది. కాలి మీద ఏం జరుగుతోందన్నది వేరే సంగతి. 2000లో బెస్ట్, ఆయన సహచరులు తుంటి, మోకాలి ఆపరేషన్ రోగులు తొడుక్కున్న మేజోళ్ళ కిందే ఒత్తిడి కొలిచారు. నూటికి 98 మేజోళ్ళు ఆ 18-8 వాలును ఇవ్వలేకపోయాయి. సగానికి పైగా, 54 శాతం, తిరగబడి ఉన్నాయి: కింద వదులు, పైన బిగుతు. అలా తిరగబడ్డవాళ్ళలో 25.6 శాతం మందికి గడ్డ కనిపిస్తే, వాలు సరిగ్గా ఉన్నవాళ్ళలో 6.1 శాతం మందికే కనిపించింది. రక్తాన్ని పైకి పంపమని వేసిన మేజోడే పైన ఉరి బిగించిందన్నమాట.

ఇది మన ఇళ్ళలో కళ్ళారా చూడొచ్చు. ఆపరేషనైన మోకాలు వాస్తుంది, ముందురోజు కొలత తీసి తెచ్చిన సైజు మర్నాటికి చాలదు. మే నెల ఉక్కకు దురదపెట్టి రోగి మేజోడును కిందికి చుట్టేస్తుంది. ఆ చుట్ట మోకాలి కింద తాడులా నొక్కుకుపోతుంది. సాయంత్రం విప్పితే చర్మం మీద వేలు దూరేంత గాడి. పక్షవాతం రోగుల మీద బ్రిటన్ కేంద్రంగా జరిగిన పెద్ద పరీక్షలో, 2009లో, తొడదాకా వేసే మేజోళ్ళతో ప్రమాదకరమైన గడ్డలు తగ్గనే లేదు: వేసుకున్నవాళ్ళలో 10.0 శాతం, వేసుకోనివాళ్ళలో 10.5. చర్మం చెడటం మాత్రం 1 శాతం నుంచి 5 శాతానికి పెరిగింది. వాళ్ళు కీలు మార్పిడి రోగులు కారు, నిజమే. కానీ సరిగ్గా కొలవని మేజోడును ఏదో ఒక రక్ష అనుకుని వదిలేయడం తప్పని నేననుకోవడానికి ఈ రెండు అధ్యయనాలూ చాలు.

గాలిపట్టీల సంగతి అలా కాదు. అదే పరిశోధకులు పక్షవాతం రోగులకు మేజోడు బదులు గాలిపట్టీలు కట్టి, 2013లో ఫలితం ప్రకటించారు. 2,876 మందిలో పట్టీ కట్టినవాళ్ళకు 8.5 శాతం, కట్టనివాళ్ళకు 12.1 శాతం గడ్డలు. మేజోడు ఎప్పుడూ ఒకేలా పట్టి ఉంటుంది. పట్టీ పట్టి వదులుతుంది. ఆ వదలడంలోనే కిటుకుంది: వదిలినప్పుడు సిర నిండుతుంది, పట్టినప్పుడు ఖాళీ అవుతుంది, అచ్చం నడకలాగే. పిక్క పట్టీల్లో ఒత్తిడి మామూలుగా 35 నుంచి 55 మి.మీ. కొన్నిటిలో మూడు గదులుంటాయి, చీలమండ వైపు గది ముందు నిండి, వరసగా పైవి నిండుతాయి. తొడసిర మీద డాప్లర్ పెట్టి చూస్తే పట్టీ బిగిసిన క్షణంలో రక్తం వేగం రెట్టింపు దాటడం మామూలే.

ఇంకో రకం అరికాలి పంపు. దీని వెనక ఒక ముచ్చటైన గమనింపు ఉంది. గార్డ్‌నర్, ఫాక్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు 1983లో ఒక సంగతి రాశారు. అరికాలి వంపు కింద సిరల గుంపు ఒకటుంది. పాదం నేల మీద ఆని బరువు పడగానే వంపు సాగి, ఆ సిరలు నిలువునా లాగబడి ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పిక్క కదలకపోయినా, వేళ్ళు ఆడించకపోయినా ఇది జరుగుతుంది. నేల తగిలితే చాలు. అందుకే పాదానికి చెప్పు లాంటి తొడుగు వేసి, 130 మి.మీ., అంతకంటే ఎక్కువ ఒత్తిడిని సెకను, రెండు సెకన్ల పాటు చప్పున కొట్టే యంత్రాలు వచ్చాయి. మోకాలికి, పిక్కకు కట్లున్నప్పుడు ఇవి అక్కరకొస్తాయి. ఆ దెబ్బ చాలామందికి నచ్చదు, రాత్రి నిద్ర పట్టదంటారు.

కంపెనీల ప్రచారపత్రాలన్నీ వేగం దగ్గర ఆగుతాయి. మా యంత్రంతో ఇన్ని రెట్లు, వాళ్ళ యంత్రంతో ఇన్నే రెట్లు అని. రక్తం వేగమే అంతా అయితే 1976లో నైట్, డాసన్ చూసింది వివరించలేం. వాళ్ళు పట్టీలు కట్టింది చేతులకు. గడ్డలు తగ్గింది కాళ్ళలో. చేతిని పిండితే కాలిసిరలో వేగం ఏం పెరుగుతుంది? నాళం గోడ మీద ఒరిపిడి పెరిగినప్పుడు గడ్డను కరిగించే పదార్థం రక్తంలోకి విడుదలవుతుందని, అది ఒళ్ళంతా తిరుగుతుందని కొందరు వివరించారు. కొమెరోటా 1990లలో ఆ మార్పును కొలిచాడు కూడా. తుంటి మార్పిడి రోగుల్లో 2002లో వెతికితే మాత్రం అది కనిపించలేదు. కాబట్టి వేగం ఒక గుర్తు, అంతే. ఒక యంత్రం వేగాన్ని ఎక్కువ పెంచుతుంది కాబట్టి గడ్డల్ని ఎక్కువ ఆపుతుందని చెప్పడానికి ఆధారం లేదు.

మరి దేనికి ఆధారం ఉంది? ఈ మొత్తం చదువులో నా చూపును నిలిపేసిన కాగితం 1996 నాటిది. న్యూయార్క్‌లో వెస్ట్‌రిచ్, స్కుల్కో అనే సర్జన్లు 122 మంది రోగుల 164 మోకాళ్ళను గమనించారు. అందరికీ ఆస్పిరిన్ ఇచ్చారు, కొందరికి అదనంగా అరికాలి పంపు పెట్టారు. ఆస్పిరిన్ ఒక్కటే అయితే 59 శాతం గడ్డలు, పంపు కలిస్తే 27 శాతం. అంతకంటే ముఖ్యమైన అంకె ఇంకోటుంది. పంపు ఎన్ని గంటలు నడిచిందో వాళ్ళు లెక్క తీశారు. పంపు పెట్టినా గడ్డ వచ్చినవాళ్ళు రోజుకు సగటున 13.4 గంటలు వాడారు, గడ్డ రానివాళ్ళు 19.2 గంటలు. తేడా యంత్రంలో లేదు, అది రోగి కాలి మీద ఉన్న గంటల్లో ఉంది. 1992లో కొమెరోటా బృందం వార్డుల్లో తిరిగి చూసినప్పుడు, ఇంటెన్సివ్ కేర్‌లో 78 శాతం మందికి పట్టీలు సరిగ్గా నడుస్తున్నాయి. మామూలు వార్డుల్లో 33 శాతం మందికే. ఫిజియోకు విప్పారు, బాత్రూముకు విప్పారు, స్కానింగుకు విప్పారు, తిరిగి కట్టలేదు. ఆ మాట చదివినప్పుడు నాకు అమ్మ మంచం కమ్మీ కనిపించింది.

అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో ఈ సంగతి గుర్తించి, కీలు మార్పిడికి పట్టీలు వాడేటట్టయితే బ్యాటరీతో నడిచేవి, మోసుకుపోగలిగేవి, వాడిన గంటలను తామే రాసిపెట్టేవి మాత్రమే వాడమంది. రోజుకు 18 గంటలు గురిగా పెట్టుకోమంది. నివారణ ఏదైనా కనీసం 10 నుంచి 14 రోజులు, వీలైతే 35 రోజులు సాగించమంది. అలాంటి యంత్రంతోనే కోల్‌వెల్ బృందం 2010లో 410 మంది తుంటి రోగుల మీద పరీక్ష చేసింది. సగం మందికి బ్యాటరీ పట్టీ, సగం మందికి రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు, పొట్ట మీద ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్. గడ్డలు రెండువైపులా 5 శాతమే. పెద్ద రక్తస్రావం ఇంజెక్షన్ వైపు 6 శాతం, పట్టీ వైపు ఒక్కటీ లేదు.

సర్జన్లకు ఈ చివరి అంకె ఎందుకంత ప్రాణమో బయటివాళ్ళకు వెంటనే అర్థం కాదు. కొత్త కీలు చుట్టూ రక్తం చేరితే గాయం కారుతుంది, కారే గాయంలోంచి క్రిములు లోపలికి దిగితే పెట్టిన లోహాన్నే తీసేయాల్సి రావచ్చు. మందుకు ఆ వెల ఉంది, పట్టీకి లేదు. అలాగని పట్టీ మందుకు బదులని చెప్పలేం. అన్ని రకాల ఆపరేషన్ల పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2022లో కూడా, పట్టీ ఒక్కటే వాడటం కంటే మందు కలిపితే ఊపిరితిత్తుల గడ్డలు తగ్గుతాయని, దానితోపాటు రక్తస్రావం పెరుగుతుందని అంది. మందు ఒక్కటే వాడటం కంటే పట్టీ కలిపినా లాభముందని అంది. సాక్ష్యం మాత్రం కొన్నిచోట్ల బలహీనం. ఇంటెన్సివ్ కేర్ రోగుల మీద 2019లో వచ్చిన పరీక్ష, మందు ఎలాగూ అందుతున్న 2,003 మందికి పట్టీ అదనంగా కడితే ఒరిగిందేమీ లేదని తేల్చింది: పట్టీతో గడ్డలు 3.9 శాతం, పట్టీ లేకుండా 4.2 శాతం. ఆ పరీక్షలో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. ఇక మందుల్లోనే ఏది మేలన్న వాదం తెగలేదు. 2022లో ఆస్ట్రేలియాలోని 31 ఆసుపత్రుల్లో 9,711 మందిని చూస్తే, ఆస్పిరిన్ తీసుకున్నవాళ్ళలో 3.45 శాతం, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 1.82 శాతం మందికి 90 రోజుల్లో లక్షణాలతో గడ్డ కనిపించింది. మనం మొదట వేసుకున్న మూడు ప్రశ్నల్లో మొదటిదానికి గట్టి అవును, రెండోదానికి షరతులతో అవును దొరుకుతాయి. చావును తగ్గిస్తుందా అన్న మూడోదానికి సూటి రుజువు లేదు. ఇప్పుడు అలాంటి చావులు ఎంత అరుదంటే, తేడా చూపించాలంటే వేలల్లో కాదు, లక్షల్లో రోగులు కావాలి.

మన దగ్గర చాలాకాలం ఇంకో మాట చెలామణీలో ఉంది: ఆసియా వాళ్ళకు ఈ గడ్డలు రావు, ఇది తెల్లవాళ్ళ జబ్బు అని. 1996లో మలేసియాలో ధిల్లాన్ నివారణ లేని రోగుల సిరలను ఎక్స్‌రే తీస్తే 62.5 శాతం మందిలో గడ్డలు దొరికాయి. 2005లో ఏడు ఆసియా దేశాల 19 కేంద్రాల అధ్యయనం 41 శాతమని చెప్పింది. వెతకలేదు కాబట్టి దొరకలేదన్నమాట. మన దేశంలో పది ఆసుపత్రుల్లో 2006-07లో 2,058 మందిని పరిశీలిస్తే సగం మందికి పైగా గడ్డ ప్రమాదంలో ఉన్నవాళ్ళే. వాళ్ళలో సరైన నివారణ అందింది 17.4 శాతానికే. ఆ భారతీయ ఫలితాలను 2012లో ప్రచురించింది హైదరాబాద్ నిమ్స్ రక్తనాళాల సర్జన్ పింజల రామకృష్ణ. కీలు మార్పిడి ఇప్పుడు జిల్లా కేంద్రాలకూ చేరిన మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ 17.4ను గోడ మీద రాసుకోవాలని నాకనిపిస్తుంది.

పట్టీ అందరికీ పనికిరాదు. కాలి ధమనులు బాగా పూడుకుపోయినవాళ్ళకు, గుండె బలహీనపడి కాళ్ళు నీరుపట్టినవాళ్ళకు, కాలి చర్మం పుండ్లుపడ్డవాళ్ళకు, గడ్డ ఇప్పటికే ఉందని అనుమానమున్నవాళ్ళకు డాక్టరు చెప్పకుండా కట్టకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళ చర్మాన్ని రోజూ విప్పి చూడాలి, నొక్కుకుపోయినా వాళ్ళకు తెలియదు కాబట్టి.

ఇంటికొచ్చాక కథ ఇంకా ఉంటుంది. కాలిఫోర్నియాలో లక్షణాలతో బయటపడిన గడ్డలను లెక్కతీస్తే, మోకాలికి సగటు రోగి ఏడో రోజున, తుంటికి పదిహేడో రోజున పట్టుబడ్డారు. మన దగ్గర డిశ్చార్జి నాలుగో రోజో, ఐదో రోజో. యంత్రం ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఇంట్లో చుట్టాలు వచ్చి, కాలు కదపకమ్మా, కుట్లు ఊడతాయంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఇంట్లో మిగిలిన పంపు పాదం ఒక్కటే. తుంటి మార్పించుకున్నవాళ్ళ చేత ఒక్క నిమిషం పాదం పైకీ కిందికీ ఆడింపజేస్తే, పెరిగిన సిరప్రవాహం అరగంట దాకా నిలిచిందని 1997లో మెక్‌నాలీ బృందం కొలిచింది. కరెంటు అక్కర్లేదు, అద్దె లేదు. పిక్క ఉన్నట్టుండి గట్టిపడి నొప్పి పెట్టినా, ఒక కాలే ఎక్కువ వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ నొప్పిని వాతమనుకుని నూనె పట్టించి పిసకడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. లోపల గడ్డ ఉంటే ఆ పిసుకుడుకు అది ఊడి పైకి పోవచ్చు.

పట్టీలు లేని ఆ సాయంత్రం తర్వాత మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించాను. విప్పిన వేళ, కట్టిన వేళ రాసేదాన్ని. మర్నాడు 17 గంటలు వచ్చాయి, ఆ మర్నాడు 19. నర్సులు కూడా ఆ కాగితం చూసి, తమంతట తామే వేళ రాయడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చిన మూడో రోజున మా మేనత్త చూడ్డానికి వచ్చి, పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయని గోరువెచ్చని నువ్వులనూనె గిన్నెతో మంచం దగ్గర కూర్చుంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిసకొద్దొదినా. నేనే ఆడిస్తున్నాను, చూడు" అని దుప్పటి తొలగించింది. వాచిన మోకాళ్ళ కింద రెండు పాదాలూ పైకీ కిందికీ ఊగుతున్నాయి.